హాస్టల్లో చేరాక ఆట మానేసిన పిల్లల్ని బద్ధకస్తులు అనకండి

అన్నా, మీ ప్రశ్న చదివాను. పలమనేరు స్కూల్లో ఉన్నప్పుడు జోనల్స్ దాకా ఖోఖో ఆడిన మీ అమ్మాయి ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం, ప్రైవేటు హాస్టల్లో ఉంటోంది, కాలేజీ అయితే రూము, రూముకొస్తే ఫోను, వాకింగ్‌కైనా పొమ్మంటే పోదు, బరువు పెరిగింది, ఇది బద్ధకమేనా, ఎట్లా వదిలించాలి అని అడిగారు. నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా కాలేజీ అమ్మాయిలకి ఫిజికల్ డైరెక్టర్‌గా (పీడీ) పనిచేస్తున్నాను, ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒక తల్లో తండ్రో అడుగుతూనే ఉంటారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. బద్ధకం కాదు. ఆమెను ఆడించిన చోటు పోయింది, ఆడించిన మనుషులు పోయారు. ఆ రెండూ తిరిగి రాకుండా ఎంత చెప్పినా పిల్ల కదలదు.

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. స్కూల్లో ఉన్నప్పుడు ఆ పిల్ల రోజూ పొద్దున లేచి, ఈ రోజు వ్యాయామం చేయాలి అని నిర్ణయించుకునేదా? లేదు కదా. సాయంత్రం అయితే పీఈటీ సార్ విజిల్ వేసేవారు, గ్రౌండు క్లాసు పక్కనే, సున్నంతో గీతలు గీసి ఉండేవి, చేజింగ్‌కి తొమ్మిది మంది కావాలి కాబట్టి ఒకరు తగ్గితే మిగతా ఎనిమిది మంది ఇంటికొచ్చి మరీ లాక్కుపోయేవాళ్లు. మనం దాన్ని పిల్ల పట్టుదల అనుకుంటాం. పట్టుదల లేదని కాదు, కానీ దాని చుట్టూ అంత ఏర్పాటు ఉండింది.

తర్వాత ఇంటర్. మీరు రాయలేదు గానీ రెసిడెన్షియల్ కాలేజీలో చదివి ఉంటుందని నా అనుమానం. అపార్ట్‌మెంటు లాంటి బిల్డింగు, తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునే ముందు మళ్లీ స్టడీ అవర్, గ్రౌండు లేదు, ఆదివారం పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలే పని ఉండాలి. మన ఇంటర్ పిల్లల టైంటేబుల్ ముందు పెట్టి ఆ 60 నిమిషాలు ఎక్కడున్నాయో చూపించమంటే చాలా కాలేజీలు చూపించలేవు. ఆ రెండేళ్లలో పోయేది స్టామినా ఒక్కటే కాదు, నేను ప్లేయర్‌ని అనే నమ్మకం కూడా పోతుంది. నా అనుభవంలో అసలెప్పుడూ ఆడని పిల్లని గ్రౌండుకి తేవడం కంటే, ఒకప్పుడు బాగా ఆడి మానేసిన పిల్లని తేవడమే కష్టం. ఆమె ఇప్పటి ఒంటిని పాత ఆటతో పోల్చుకుంటుంది. రెండు రౌండ్లకే ఆయాసం వస్తే అందరూ చూస్తున్నారని సిగ్గుపడుతుంది, మర్నాడు కడుపు నొప్పి అని రాదు. అడిగితే ఇంట్రెస్ట్ లేదు మేడం అంటుంది. ఆ మాటని ఉన్నదున్నట్టు నమ్మేయకండి.

ఇది మీ ఇంటి సమస్య మాత్రమే కాదు కూడా. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదు, 2000లో అది 22 శాతం దగ్గర ఉండేది. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. ఇరవై ఏళ్లలో దేశం మొత్తానికీ ఒకేసారి బద్ధకం పట్టుకుందంటే నేను నమ్మను. పనులు మారాయి, రోడ్లు మారాయి, ఇంటింటికీ బండి వచ్చింది, చేతిలోకి ఫోను వచ్చింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య ఉన్న ఆ తేడా కూడా ఎవరికి నిశ్చింతగా బయటికి పోయే వీలుంది అనే దగ్గరే ఎక్కువగా పుడుతోందని నేను రోజూ చూస్తున్న దాన్ని బట్టి అనుకుంటున్నాను.

ఇప్పుడు తిరుపతి సంగతి. ఈ ఊళ్లో చోటు లేదని ఎవరూ అనలేరు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, లోపల చెట్ల నీడన రోడ్లు, పొద్దున పూట వాకింగ్ చేసేవాళ్లతో కళకళలాడుతుంటాయి. మహిళా యూనివర్సిటీ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, అలిపిరి నుంచి జూ పార్కు వైపు పోయే రోడ్డు ఉంది. కానీ ఊళ్లో చోటు ఉండటం వేరు, మీ అమ్మాయికి చోటు ఉండటం వేరు. తెల్లవారుజామున ఆ రోడ్ల మీద నడిచేవాళ్లలో ఎక్కువ మంది రిటైరైన సార్లు, ఉద్యోగస్తులు, షుగర్ వచ్చాక డాక్టరు చెబితే మొదలుపెట్టినవాళ్లు. ఆ టైముకి హాస్టల్ గేటుకి తాళం ఉంటుంది. గేటు తీసేసరికి బాత్రూముల దగ్గర క్యూ, టిఫిను, కాలేజీ బస్సు. సాయంత్రం అయిదుకి తిరిగొస్తే ఆరున్నరకి అటెండెన్స్, ఆ మధ్యలోనే బట్టలు ఉతుక్కోవాలి, రికార్డులు రాసుకోవాలి. ఎండాకాలం సాయంత్రం అయిదుకి కూడా ఈ ఊళ్లో రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది, అక్టోబరు దాటితే వానలు, చీకటి తొందరగా పడుతుంది. ఫుట్‌పాత్ ఉంటే దాని మీద బండ్లు, తోపుడు బళ్లు, లేకపోతే గుంతలు, కుక్కలు, పక్కనుంచి బైకుల మీద పోతూ ఏదో ఒకటి అని పోయే కుర్రాళ్లు. యూనివర్సిటీ వైపో అలిపిరి వైపో చిరుత కనిపించిందని వార్త వచ్చిందంటే వారం రోజులు ఏ వార్డెనూ పిల్లల్ని బయటికి వదలదు, ఆ భయం నిజమైనదే కాబట్టి వార్డెన్‌ని నేను తప్పు పట్టను. ఇన్ని దాటుకుని ఒక్క పిల్ల ఒంటరిగా షూ వేసుకుని బయల్దేరాలని మనం ఆశిస్తున్నాం.

చుట్టూ ఉన్న పరిస్థితి ఎంత తేడా తెస్తుందో చెప్పే పెద్ద పరిశోధన ఒకటి 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 10 దేశాల్లో 14 నగరాలు తీసుకుని, 6,800 మందికి పైగా మనుషులకి నడుముకి చిన్న యంత్రం పెట్టి ఎంత కదులుతున్నారో కొలిచారు. నడకకి బాగా అనువైన ఏరియాలో ఉండేవాళ్లు, అనువుగా లేని ఏరియాలో ఉండేవాళ్ల కంటే వారానికి 68 నుంచి 89 నిమిషాలు ఎక్కువ కదులుతున్నారని తేలింది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు కావాలంటారు, అందులో దాదాపు సగం ఏరియా తేడాలోనే వచ్చేస్తోందన్నమాట. నడిచిపోయే దూరంలో పార్కులు, బస్టాపులు ఉండటం అక్కడ ముఖ్యమైన విషయాలుగా తేలాయి. ఆ 14లో మన దేశపు నగరం లేదు, కాబట్టి మక్కీకి మక్కీ ఇక్కడ దించలేం. కానీ బస్టాపు సంగతి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. స్టాపు దాకా నడవడం కూడా వ్యాయామమే. మన పిల్లలకి కాలేజీ బస్సు హాస్టల్ గేటు దగ్గరే ఎక్కించుకుని గేటు దగ్గరే దింపుతుంది. ఏదైనా తినాలంటే స్విగ్గీ, జొమాటో వాళ్లు గేటుకే తెస్తారు. జిరాక్సు కింద షాపులోనే. ఇవన్నీ సౌకర్యాలని ఫీజులో వేస్తారు, భద్రంగా ఉంది కదా అని మనమూ సంతోషిస్తాం, అట్లా పిల్ల రోజులో నడిచే నాలుగు అడుగులు కూడా ఒక్కొక్కటిగా మనమే తీసేశాం.

మా దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. త్రోబాల్ నెట్టు స్టోర్ రూములో ఉండేది, తాళం అటెండర్ దగ్గర, ఆయన డ్యూటీ నాలుగున్నరకి అయిపోతుంది. ఆడాలంటే ఎవరో ఒకరు ముందే అడిగి, రిజిస్టర్‌లో రాసి, నెట్టు తెచ్చి కట్టి, అయ్యాక విప్పి మడిచి అప్పజెప్పాలి. టీం పిల్లలు తప్ప ఎవరూ వచ్చేవాళ్లు కాదు. తర్వాత ఆ నెట్టుని విప్పకుండా అట్లాగే వదిలేశాం, బంతులు, రింగులు హాస్టల్ వరండాలో ఒక బుట్టలో పెట్టించాం, కోర్టు పక్కన ఒక లైటు వేయించాం, అంతే. ఎవరికీ స్పీచ్ ఇవ్వలేదు. చున్నీ నడుముకి బిగించుకుని, చెప్పులు పక్కన విడిచి, ఆట రాని పిల్లలు కూడా దిగారు. మొదట్లో ఆట కంటే అరుపులే ఎక్కువ, అయినా ముప్పావుగంట ఒళ్లు కదిలింది. ఎండకీ వానకీ నెట్టు పాడైపోయింది, కొత్తది కొనాల్సి వచ్చింది, అంత తొందరగా ఎందుకు పాడైందని ఆడిట్‌లో అడిగారు. వాడితే పాడవుతుంది, వాడటానికే కదా కొన్నది. స్టోర్ రూములో కొత్తగా మెరుస్తున్న నెట్లు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, అడ్మిషన్ బ్రోచర్లో గ్రౌండు ఫోటో వేసుకుని, అదే గ్రౌండులో బస్సులు పార్క్ చేసే కాలేజీలు ఉన్నాయి. చేర్చే ముందు సాయంత్రం పూట పోయి ఒకసారి చూసి రండి అని అందరు తల్లిదండ్రులకీ చెప్తుంటాను.

ఇక మనుషుల సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా చదవండి, ఇందులో మీరూ ఉన్నారు. 1987లో అమెరికాలో జేమ్స్ సాలిస్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు కలిసి, వ్యాయామం విషయంలో ఒక మనిషికి చుట్టూ ఉన్నవాళ్ల తోడు ఎంత ఉందో కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక తయారు చేశారు. ఇంట్లోవాళ్ల గురించి వేరే, స్నేహితుల గురించి వేరే అడుగుతారు. నాతో కలిసి చేశారా, కలిసి చేద్దామని పిలిచారా, నాతో రావడానికి వాళ్ల పనులు మార్చుకున్నారా అని ఉంటుంది. దాంతోపాటే, దీనికి టైము పెడుతున్నానని సణిగారా, నన్ను తప్పుబట్టారా, ఎగతాళి చేశారా అని కూడా ఉంటుంది. ఆ ప్రశ్నలు మన ఇళ్లకి పెట్టి చూడండి. మీరు రాత్రి ఫోన్ చేసి ఈ రోజు నడిచావా లేదా అని అడగడం మీ వైపు నుంచి ప్రేమే, నాకు తెలుసు. ఆ పిల్లకి మాత్రం అది ఇంకో అటెండెన్స్. నాలుగు రోజులు నిజం చెప్తుంది, అయిదో రోజు నడిచాను అని అబద్ధం చెప్తుంది, ఆ తర్వాత ఫోన్ ఎత్తడానికే టెన్షన్ పడుతుంది.

పండక్కి ఇంటికి వస్తే ఏమవుతుంది? గడపలోనే అత్త, పిన్ని, పక్కింటావిడ, ఏమే ఇంత లావయ్యావు, హాస్టల్లో బాగా పెడుతున్నారా అంటారు. అట్లా అంటే పౌరుషం వచ్చి తగ్గుతుందని మనవాళ్ల నమ్మకం. జరిగేది దానికి ఎదురు. 2008లో కాలేజీ వయసు అమ్మాయిల మీదే చేసిన ఒక అధ్యయనం ఉంది, బరువు గురించి మాటలు పడ్డ అనుభవం ఎక్కువగా ఉన్నవాళ్లలో వ్యాయామాన్ని తప్పించుకోవాలనే కోరిక కూడా ఎక్కువగా కనిపించింది. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు, గ్రౌండులోకి దిగడమంటే ఆ ఒంటిని పదిమంది ముందు పెట్టడం. దయచేసి మీ ఇంట్లో ఈ మాటలు ఆపించండి. మీరొక్కరు మానేస్తే చాలదు, అనేవాళ్లని ఆమె ముందే ఆపాలి.

జేమ్స్ హౌస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1981లో తోడుని నాలుగు రకాలుగా విడదీశాడు. మనసుకి ఆసరా, చేతి సాయం, సమాచారం, ఇంకా నువ్వు ఎట్లా చేస్తున్నావో చెప్పే మాట. మన ఇళ్లల్లో సమాచారం ఒక్కటే ధారాళంగా ఇస్తాం, నడక మంచిదని వాట్సాప్‌లో రోజూ పంపిస్తాం. చేతి సాయం దగ్గర ఆగిపోతాం. మీ అమ్మాయి దగ్గర పరిగెత్తడానికి పనికొచ్చే షూ ఉందా? ట్రాక్ ప్యాంటు, వదులుగా ఉండే టీ షర్టు ఉన్నాయా? ఇంకోటి, నాన్నలతో చెప్పడానికి అందరూ మొహమాటపడతారు గానీ నేను పీడీని కాబట్టి చెప్తాను, పరిగెత్తే అమ్మాయికి స్పోర్ట్స్ బ్రా కావాలి, అది లేక ఆట మానేసిన పిల్లల్ని నేను చూశాను, వాళ్లు ఆ కారణం ఎవరికీ చెప్పరు. వాళ్ల అమ్మతో మాట్లాడించి కొనిపించండి. దానికయ్యే ఖర్చు జిమ్ములో ఒక నెల ఫీజు కంటే ఎక్కువ ఉండదు.

హాస్టల్లో అందరికంటే బలమైన తోడు రూమ్మేట్. రూములో నలుగురుంటే, ముగ్గురు రీల్స్ చూస్తూ పడుకుంటే నాలుగో పిల్ల ఒక్కతే లేచి పోవడం దాదాపు జరగదు. అదే ఒక్కరు, ఒకే ఒక్కరు, రావే పోదాం అంటే ఆట మొదలవుతుంది. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది, తనలాంటి మనిషి ఒక పని చేయగలగడం చూస్తే నేనూ చేయగలను అనే నమ్మకం పెరుగుతుందని. పీవీ సింధు వీడియో చూస్తే గర్వంగా ఉంటుంది గానీ పక్క రూము అమ్మాయి ఆయాసపడుతూ అయినా ఆడుతుంటే అప్పుడు కాళ్లు లేస్తాయి. అందుకే నేను కొత్తవాళ్లని టీం పిల్లలతో కలపను, మొదట కొత్తవాళ్లతోనే ఆడిస్తాను.

అబ్బాయిల గురించి మీరు అడగలేదు, రెండు మాటలు. వాళ్లకి గేటు కష్టం తక్కువ, ఖాళీ స్థలం దొరికితే క్రికెట్ పెట్టేస్తారు. అయినా బాగా ఆడే పదకొండు మంది ఆడితే మిగతావాళ్లు గట్టు మీద కూర్చుంటారు, డిగ్రీ చివరికి బైకు వచ్చేసరికి ఆ నడకా పోతుంది. తేడా ఉంది గానీ వాళ్లు బాగున్నారని కాదు.

తిరుపతికి మాత్రమే ఉన్న అదృష్టం ఒకటుంది, కొండ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు, కానీ నిటారుగా ఉంటుంది. అమ్మాయి సాయంత్రం గ్రౌండుకి పోతానంటే వంద ప్రశ్నలు వేసే ఇళ్లు కూడా, నలుగురు ఫ్రెండ్స్‌తో మెట్లెక్కి దర్శనానికి పోతానంటే సంతోషంగా పొమ్మంటాయి. గుంపు ఉంది, దారిలో జనం ఉన్నారు, దేవుడి పని. ఇంటి ఒప్పుదల ఒక్కటి ఉంటే అదే కాళ్లు అన్ని వేల మెట్లు ఎక్కుతున్నాయి చూడండి. కాకపోతే ఆరు నెలలకొకసారి ఎక్కి వారం రోజులు పిక్కలు పట్టుకుని కూర్చుంటే ఒంటికి పెద్దగా లాభం లేదు. నేను పిల్లలకి చెప్పేది, వచ్చే నెల ఎక్కాలనుకుంటే ఆ నలుగురే ఈ వారం నుంచి రోజూ అరగంట కలిసి నడవండి, హాస్టల్ మెట్లు ఎక్కి దిగండి అని. ఆ గుంపు చాలాసార్లు కొండ దిగాక కూడా విడిపోదు.

ఇదంతా చేసే ముందు ఒకటి, దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. రక్తపరీక్ష చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే సగం కంటే ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న పిల్లకి రెండు అంతస్తులు ఎక్కితేనే గుండె దడ, ఆ పిల్లని లేచి పరిగెత్తు అనడం అన్యాయం. బరువు పెరగడం, ఎప్పుడూ నిద్రమత్తు, నెలసరి తప్పడం ఉంటే థైరాయిడ్ కూడా చూడమని డాక్టరుని అడగండి. టిఫిను తినకుండా బస్సెక్కే అలవాటు ఉందేమో కనుక్కోండి.

ఆ తర్వాత మీరు చేయగలిగింది ఇది. ఈసారి తిరుపతి వచ్చినప్పుడు హోటల్లో భోజనం పెట్టించి పంపేయకుండా, సాయంత్రం ఆమెతో కలిసి హాస్టల్ చుట్టుపక్కల నడవండి, ఉపదేశం వద్దు, ఊరికే నడవండి, ఏ సందులో ఆమెకి భయం, ఏ రోడ్డు బాగుంది అని అడగండి, ఆమెకి మీకంటే బాగా తెలుసు. వార్డెన్‌తో మాట్లాడండి, ఒక్కరు అడిగితే రూల్ ఒప్పుకోదంటారు, అయిదారుగురు తల్లిదండ్రులు కలిసి, పిల్లలు గుంపుగా పోయి గుంపుగా వస్తారు, ఆరున్నర అటెండెన్స్‌ని ఏడు చేయండి అని రాసిస్తే ఒప్పుకున్న హాస్టళ్లు ఉన్నాయి. అది కుదరకపోతే మేడ మీద చోటు అడగండి. తాడు గెంతడానికి, రింగు ఆడటానికి మేడ చాలు, పిట్టగోడ ఎత్తుగా ఉందో లేదో మాత్రం చూసుకోండి. కాలేజీలో పీడీ ఎవరో కనుక్కుని కలవండి, మా అమ్మాయి ఖోఖో ఆడేది అని ఆ ఒక్క మాట చెప్పండి. ఇంటర్ కాలేజియేట్ సెలక్షన్స్‌కి ఖోఖో తెలిసిన పిల్లల కోసం మేమే వెతుకుతుంటాం, టీంలోకి రాకపోయినా ప్రాక్టీసుకి ఒక మనిషి ఎప్పుడూ తక్కువే. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ ఉంటే అవీ మంచివే, వాటిలో మనుషులు రెడీగా దొరుకుతారు.

ఆమెకి 18 దాటాయి కాబట్టి లెక్క వారానికి 150 నిమిషాలు, అంటే అయిదు రోజులు అరగంట, పైన రెండు రోజులు కండరాలకి పని. అది ఒక సంవత్సరంలో చేరాల్సిన చోటు అనుకోండి, మొదటి నెలే అడగొద్దు. మొదటి నెల వారంలో రెండు సాయంత్రాలు బయటికి వస్తే చాలు. ఫోన్‌లో అడగాలనిపిస్తే నడిచావా అని కాకుండా, ఈ రోజు ఎవరితో ఆడావు అని అడగండి.

హాస్టల్ పేరు ఇక్కడ రాయకండి, ఏ ఏరియానో చెప్పండి చాలు, బైరాగిపట్టెడ వైపా, కొర్లగుంట వైపా, రేణిగుంట రోడ్డు వైపా అని. గేటు ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు మూస్తారు, రూములో ఎంతమంది అనేది కూడా రాయండి. దగ్గర్లో అమ్మాయిలు గుంపుగా ఆడే చోటు ఏదైనా ఉంటే కనుక్కుని కింద రాస్తాను.